పుస్తకంలో పోగు

నల్లగొండలో మా బడి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో టీవీ ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటుంది. పోయిన నెల ఒక పొద్దున వెళ్ళేసరికి దాని గొంతు పడిపోయింది. స్పీకరు పాడైందట. తెర మీద నలుగురు నాయకులు నాలుగు గళ్ళలో కూర్చుని నోళ్ళు తెరుస్తున్నారు, వేళ్ళు చూపించుకుంటున్నారు, ఒక్క మాట బయటికి రావడం లేదు. హోటలాయన రిమోటును అరచేతిలో కొట్టి కొట్టి విసుక్కుంటున్నాడు. నేను మాత్రం వాళ్ళలో ముందు నీళ్ళు తాగేదెవరా అని చూస్తూ చాయ్ చల్లార్చుకున్నాను. ఎడమ పక్క పైగడిలో ఉన్నాయన గ్లాసు అందుకున్నాడు.

"గాయన పని అయిపోయింది," అని పైకే అన్నాను. పక్క కుర్చీలో ఉన్నతను నన్ను ఎగాదిగా చూశాడు.

ఆ మాట నాది కాదు. నారాయణపేటలో ఏడేళ్ళు నేను కిరాయికున్న ఇంటి పెద్దమ్మది. చర్చల్లో ముందు నీళ్ళు తాగినవాడు ఓడిపోతాడని ఆమె సిద్ధాంతం. ఆ రోజే ఆమెకు ఫోన్ చేసి ఈ సంగతి చెబుదామనుకున్నాను. బడి గంట కొట్టారు, మర్చిపోయాను. మూడు రోజులకు ఆమె కోడలే ఫోన్ చేసింది.

"అత్తమ్మ పోయి పన్నెండు దినాలాయె సార్. నీ నంబరు ఏడ రాసుకుందో ఇయ్యాల దొరికింది. నీ పుస్తకం ఈడనే ఉన్నది. ఒచ్చి తీస్కపోతవా?"

అంటే నేను హోటల్లో నవ్వుకుంటున్నప్పటికే ఆమె పోయి తొమ్మిది రోజులు. ఏడుపు రావాలి. రాలేదని కాదు, తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. నేను రాసిన ఆ పుస్తకంలో నూలు పోగు ఉందా, లేదా? ఉంటే ఏ పేజీలో ఉంది? చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఆ రెండు మూడు రోజులూ నన్ను కూర్చోనివ్వనిది ఆమె చావు కాదు, ఆ పోగు.

పోగు సంగతి చెప్పాలంటే ఆమె కూర్చునే చోటు చెప్పాలి. నడింట్లో మగ్గం గుంట. గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దున ఆరింటికి కూర్చునేది. ఎదురుగా గోడకు కొట్టిన చెక్క మీద టీవీ. మగ్గం నడుస్తుంటే టీవీ వినపడదు. టీవీ వినాలంటే మగ్గం ఆగాలి. మగ్గం ఆగదు. అందుకని ఆ ఇంట్లో టీవీకి నోరు లేదు. నా గదిలో టీవీ లేదు కాబట్టి నేను ఆమె నడింట్లోనే కూర్చుని చూసేవాణ్ణి. నాకు రాజకీయాల పిచ్చి. చర్చ వినకపోతే అన్నం అరగదు. "పెద్దమ్మా, జర సౌండు పెట్టనా?" అని అడిగితే నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతూనే తల అడ్డంగా ఊపేది.

"ఏం ఇంటవ్ సారూ గండ్ల. నలుగురు నాలుగు కిటికీలల్ల కూసోని ఒగనింట్లకు ఒగడు తొంగి సూస్తరు. నోరు మూస్తెనే మనిషి మంచిగ కనవడ్తడు."

మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆమె చెప్పినవి చూడటం మొదలుపెట్టాను. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు కాగితాలు సర్దుకునేవాడు జవాబు దొరకనివాడు. నవ్వుతూ తిట్టేవాడు రేపో మాపో పార్టీ మారతాడు. మెడ మీద చెయ్యి పోయిందంటే ఆ చెప్పే మాట వాడికే నమ్మకం లేదు. నాలుగు పేపర్లు చదివి నేను చేసే లెక్కలు సగం తప్పేవి. నోరులేని టీవీ చూసి ఆమె చేసే లెక్కలు ఎక్కువగా నిజమయ్యేవి. ఇది నాకు చాలా రోజులు మింగుడు పడలేదు.

ఆదివారాలు ఫైటింగు సినిమాలు. హీరో ఎవరో ఆమెకు అక్కర్లేదు. "గా ఎర్రంగి పిలగాన్ని సూడు. మొదాల గోడకు గుద్దుకోని సచ్చె. మల్ల జీపు మీదికెల్లి పడె. ఇగో, మల్లొచ్చిండు. పాపం, ఎన్నిసార్లు సావాలె?" హీరో తన్నగానే కూరగాయల బండి ఎగిరి, టమాటలు రోడ్డంతా దొర్లుతాయి కదా, అక్కడ ఆమె నాడె ఒక్క క్షణం నిలిచేది. "గా బండామె ఏమైంది సారూ?" అనేది. ఏ సినిమాలోనూ బండామె మళ్ళీ కనిపించదు. సినిమా అయిపోయి, పెళ్ళి పాట కూడా అయిపోయాక, "గంత కథ జెప్పి బండామెను మర్చిండ్రు," అని సణుక్కునేది. ఇప్పుడు నేను ఏ ఫైటూ సరిగా చూడలేను. కళ్ళు కూరగాయల బండి కోసం వెతుకుతాయి.

ఒక ఎండాకాలం పొద్దున్నే, నేను పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చేసరికి తెర మీద బేస్‌బాల్ నడుస్తోంది. ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే వచ్చిందట. "గిది మెత్తల ఆట సారూ," అంది. మా దగ్గర దిండును మెత్త అంటాం. ఆ ఆటలో నేల మీద తెల్లటి మూడు మెత్తలు పరిచి ఉంటాయి, నాలుగోది బ్యాటు పట్టుకున్నవాడి కాళ్ళ దగ్గర. నేను దాని అసలు పేరు చెప్పాను. వినలేదు. నాకు ఆ ఆట తెలియదు, ఆమెకూ తెలియదు, చెప్పేవాడి గొంతు వినపడదు. అయినా నెల తిరిగేసరికి ఆమె తనంతట తానే ఆ ఆటను అల్లుకుంది.

"బంతి ఇసిరెటోడు సూడు. ఉమ్ముతడు, టోపీ తీస్తడు, మల్ల పెడ్తడు, అటు సూస్తడు, ఇటు సూస్తడు. ఇసిరేది జరంత, తయారయ్యేది జాముసేపు. నువ్వు బడికి పోయే లెక్కనే ఉన్నది." ఇది నాకు తగిలించిన చురక. నేను బయల్దేరేటప్పుడు తాళంచెవికి ఒకసారి, కళ్ళద్దాలకు ఒకసారి, ఫోనుకు ఒకసారి వెనక్కి వస్తాను.

ఇంకో రోజు చాలా సంతోషంగా చెప్పింది. "సమజైంది సారూ. కొట్టుడు ముఖ్యం గాదు. కొట్టి, మూడు మెత్తలు తిరిగి, ఏడికెల్లి బయలెల్లిండో మల్ల గాడికే రావాలె. ఇంటికొస్తెనే లెక్క. గందుకే అందరు అలుముకుంటరు." మూడో మెత్త దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళంటే ఆమెకు మహా జాలి. అవతలి జట్టు వంతు రాగానే వాడు ఊరికే టోపీ సర్దుకుని నడిచిపోతాడు. "ఇంటి ముంగటికొచ్చి నిలవడె గద," అని ఆ పూటంతా వాడి ఫికరే.

ఇక చదువు. ఆమె బడికి పోయింది ఏడో తరగతి దాకానే. మధ్యాహ్నం అన్నం తిన్నాక, కాళ్ళు గుంటలోనే ఉంచి, వెనక్కి ఒరిగి రోజుకు పది పేజీలు చదివేది. పుస్తకాలు నేను గ్రంథాలయం నుంచి తెచ్చేవాణ్ణి. నవల, కథలు, ఎవరి జీవితచరిత్రో, ఏదైనా సరే. చదువుతుండగా ఎక్కడ నమ్మకం తప్పిందో అక్కడ చేతికందిన నూలు కండె నుంచి జానెడు పోగు తెంపి పేజీల మధ్య పెట్టేది. ఒక నవలలో నేత పిల్ల మగ్గం మీద పాడుతుంటే వీధిలో పోయేవాడు ఆ పాటకు మనసు పారేసుకున్నాడు. ఎర్ర పోగు. "మగ్గం సప్పుడుల పాటెట్ల ఇనవడ్డదో జెప్పుమను." ఒక కథలో గొర్ల కాపరి చెట్టు నీడన పిల్లనగ్రోవి ఊదుతుంటే మంద చుట్టూ చేరి పడుకుంది. పచ్చ పోగు. "నువ్వు గొర్ల ఇంటోనివి గద. మీ అక్క ఎన్నడన్న గట్ల కూసున్నదా?" లేదని చెప్పాను. మా అక్క గొర్ల వెంట నిలబడే అన్నం తినేది. అదే దయ్యాల నవలకైతే ఒక్క పోగు లేదు. "దయ్యం గట్లనే ఉంటది కావచ్చు. నేనేమన్న సూసిన్నా?"

గ్రంథాలయాధికారి మొదట కోప్పడ్డాడు. తర్వాత తర్వాత నేను పుస్తకం తిరిగి ఇవ్వగానే, ఆయనే ముందు పోగు ఎక్కడుందో తీసి చూసి ముసిముసిగా నవ్వుకునేవాడు.

పోగు పెట్టినంత మాత్రాన పుస్తకం పక్కన పడేసేది కాదు. చివరి అట్ట దాకా చదివేది. నేను అలా కాదు, ఒక్క అబద్ధం తగిలితే పుస్తకం మూసేస్తాను. ఆ మాటే అడిగితే, "అబద్ధమాడిందని సుట్టాన్ని ఇడిసిపెడ్తమా? మనకెరుకుంటె సాలు. ముంగటికి సదువుకోవాలె," అంది.

ఇప్పుడు నా అబద్ధం చెప్పాలి.

మా అక్క కట్టంగూర్‌లో ఉండేది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను సాకింది అక్కే. ఆమెకు కడుపులో గడ్డ లేచింది. నల్లగొండ దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ మర్నాడు అనుకున్నది ఆ రోజే చేస్తామన్నారని పొద్దున ఎనిమిదింటికి బావ ఫోన్ చేశాడు. "నాలుగింటికి లోపటికి తీస్కపోతరట. అక్క నిన్నే అడుగుతాంది. జల్ది రా బామ్మర్దీ." నారాయణపేట నుంచి రెండు బస్సులు మారాలి, ఎంత తొందరపడ్డా ఆరు గంటలు. తొమ్మిదింటి బస్సు పట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది.

ఆ రోజు ఓట్ల లెక్కింపు.

పెద్దమ్మ నడింట్లో సంచీ భుజానికి వేసుకునే నిలబడ్డాను. తెర మీద అంకెలు మారుతున్నాయి. ఒక్క రౌండు చూసి పోదామనుకున్నాను. "పోరాదు సారూ, బస్సెల్లిపోతది," అంది ఆమె. తొమ్మిదింటి బస్సు పోయింది. పది గంటలది ఉంది కదా. మావాడు మూడు వందల ఓట్లు వెనకపడ్డాడు. మావాడు అంటున్నానుగానీ ఆ నియోజకవర్గంలో నాకు ఓటు కూడా లేదు. పది గంటలదీ పోయింది.

అప్పుడు మగ్గం ఆగింది. ఎవరు చచ్చినా బతికినా అన్నం వేళకు తప్ప ఆగని మగ్గం. ఆమె గుంటలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, టీవీ బటన్ ఒత్తేసింది. ఇల్లంతా నిశ్శబ్దం.

"మూడో మెత్త మీదికొచ్చి నిలవడ్డవు సారూ. ఉర్కు."

నేనేం చేశానో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి సాగదు. వెళ్ళి టీవీ మళ్ళీ వేశాను. "ఒక్క రౌండే పెద్దమ్మా," అన్నాను. ఆమె మళ్ళీ మగ్గం మీద కూర్చోలేదు. వంటింట్లోకి పోయింది. నేను ఒంటిగంటకు బయల్దేరాను. మావాడు ఓడిపోయాకే.

దవాఖానకు చేరేసరికి పొద్దు గూకింది. అక్కకు తెలివి రాలేదు. మరునాడు పోయింది.

రెండేళ్ళ తర్వాత అక్క మీద చిన్న పుస్తకం రాశాను. గొర్లు, తడికల దొడ్డి, ఆమె తిట్లు, ఆమె జొన్నరొట్టెలు. అన్నీ నిజాలే. నలభై ఒకటో పేజీలో మాత్రం, ఆపరేషన్ గది తలుపుదాకా ఆమె నా చూపుడువేలు వదల్లేదని రాశాను. రాసేటప్పుడు నాకే ఏడుపొచ్చింది. చదివినవాళ్ళందరూ ఆ పేజీ గురించే ఫోన్లు చేశారు. అది అబద్ధమని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు బావ, ఆయనకు చదువు రాదు. రెండోది పెద్దమ్మ.

ఊరందరికీ పంచాను, ఆమెకు ఇవ్వలేదు. నెలన్నర తప్పించుకున్నాను. చివరికి ఆమే అడిగింది. "నీ పుస్తకం అచ్చయిందట గద. నాకు రాదా ఏంది సదువుడు?" అప్పటికే నాకు నల్లగొండకు బదిలీ వచ్చింది. సామానంతా ఆటోలోకి ఎక్కించి, డ్రైవరు బండి స్టార్టు చేశాక అప్పుడిచ్చాను. ఆమె చదివేటప్పుడు నేను ఆ ఇంట్లో ఉండకూడదు, అంతే.

ఆ తర్వాత నెలకోసారి ఫోన్లో మాట్లాడుకున్నాం. ఎవరు నీళ్ళు తాగారు, ఏ సినిమాలో బండి బోర్లా పడింది, మెత్తల ఆట వచ్చే చానల్ ఎందుకు బంద్ అయింది. పుస్తకం మాట నేను ఎత్తలేదు. ఆమే ఎత్తుతుందని ప్రతిసారీ ఫోను చెవికి గట్టిగా పెట్టుకునేవాణ్ణి. ఎత్తలేదు. పెట్టేశాక గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. చదివి ఊరుకుందా? చదవలేదా? ఏ రంగు పోగు పెట్టి ఉంటుంది?

కోడలు ఫోన్ చేసిన మూడో రోజు నారాయణపేట పోయాను. నడింట్లో మగ్గం నడుస్తూనే ఉంది, కోడలు కూర్చుని నేస్తోంది. అత్త సగంలో ఆపిన చీర అది, వంగపండు రంగు మీద సన్న గళ్ళు. టీవీలో నలుగురు నోళ్ళు తెరుస్తున్నారు. నన్ను చూసి లేచి, దేవుని పటాల గూట్లోంచి పుస్తకం తెచ్చి ఇచ్చింది.

నిలబడే తెరిచాను. నలభై ఒకటో పేజీలో పోగు లేదు. నలభైలో లేదు, నలభై రెండులో లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క పేజీ తిప్పాను. అట్ట పట్టుకుని దులిపాను. ఏమీ రాలలేదు. కానీ ప్రతి పేజీ అంచునా రంగు వేళ్ళ మరకలున్నాయి, చివరి పేజీ మీద కూడా. చదివింది. అంతా చదివింది. ఒక్క క్షణం నా ప్రాణం తేలికైంది. దాని వెనకే ఇంకో రకం బరువు. నూరు పుస్తకాల్లో నూరు మందిని వదలని మనిషి నన్ను ఎందుకు వదిలింది? నేను అంత చిన్నవాణ్ణా ఆమె లెక్కలో?

"ఏమన్నదమ్మా, చదివి?" అని కోడల్ని అడిగాను.

"రెండుసార్లు సదివింది సార్. అందరి పుస్తకాలల్ల పోగు పెడ్తది గద, దీంట్ల ఎందుకు పెట్టలేదత్తమ్మా అని అడిగిన."

"ఏమంది?"

"'ఏడ పెట్టాల్నో సారుకెరుకే. సారే పెట్టుకుంటడు,' అన్నది. గంతే. మల్ల ఎన్నడు ఆ మాటే తియ్యలే."

నేను ఒక పోగు ఇమ్మని అడిగాను. ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. చేతిలో ఉన్న కండె నుంచి జానెడు తెంపి ఇచ్చింది, వంగపండు రంగుది. నలభై ఒకటో పేజీలో పెట్టి పుస్తకం మూశాను.

నల్లగొండ చేరాక ఇంటికి పోలేదు. బస్టాండులోనే ఇంకో బస్సెక్కి కట్టంగూర్ పోయాను. బావ దొడ్డి ముందు కూర్చుని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతున్నాడు. అక్క పోయాక నేను ఆయన కళ్ళలోకి సరిగా చూసింది లేదు. పక్కన కింద కూర్చుని, పుస్తకం తెరిచి, పోగు పెట్టిన పేజీ పైకి చదివాను. వేలు వదల్లేదన్న చోటికి వచ్చి ఆగాను.

"బావా, ఇది అబద్ధం. నేను లేను."

బావ సీసా వంచి ఎంత మిగిలిందో చూశాడు. "నువ్వు లేవని నాకెరుక లేదా బామ్మర్దీ. నేనున్న గద ఆడ. పుస్తకమొచ్చినప్పుడే మా చిన్నబిడ్డ సదివి ఇనిపిచ్చింది."

"మరి ఒక్క మాటన్నా అనలేదేంది?"

"ఏమనాలె? నాలుగు గొట్టేదాంక తలుపుదిక్కే సూసింది మీ అక్క. గా మాట నువ్వు రాయకపోతివి." ఆయన గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. గొర్రెపిల్ల నోటి నుంచి సీసా తీసి, మూతి తుడిచి, దాన్ని తల్లి దగ్గరికి తోశాడు. నేను పుస్తకం మూయబోయాను.

"మూస్తవేంది," అన్నాడు. "ముంగటికి సదువు."

తర్వాతి పేజీ జొన్నరొట్టెలది. అక్క రొట్టెను ఎడమచేత్తో తిప్పేదని, పెనం మీది మొదటి రొట్టె ఎప్పుడూ కుక్కకు వేసేదని ఉంది. అదీ పైకే చదివాను.

"ఆఁ," అన్నాడు బావ, "గది నిజమే."